సబ్జా గింజ నుంచి సిమ్యులేషన్ దాకా: ఉబ్బి కరిగే మాత్రకు మోడల్ కట్టడం ఎలా

"అక్కా, ఎన్ విలువ 0.56 వచ్చింది. అనామలస్ ట్రాన్స్‌పోర్ట్ అని రిపోర్ట్‌లో రాసేయనా?"

గుంటూరులో ఎం.ఫార్మ్ చేసి మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఈ మాట అడిగింది బెంగళూరు బొమ్మసంద్రలో ఎల్లో లైన్ ఎక్కాక, మెట్రోలో నిలబడి, ఫోన్‌లో ఎక్సెల్ షీట్ చూపిస్తూ. ఎన్ అంటే మాత్ర నుంచి మందు కాలంతో పాటు ఎలా బయటికొస్తుందో చెప్పే సూత్రంలోని ఘాతాంకం. అనామలస్ ట్రాన్స్‌పోర్ట్ అంటే డిఫ్యూజన్ (గాఢత ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పాకడం), పాలిమర్ సడలడం రెండూ కలిసి దాన్ని నడిపిస్తున్నాయని. రాసేయొచ్చు, ఎవరూ ఏమీ అనరు. నేనూ చాలాకాలం అలాగే రాశాను. కానీ ఆ 0.56 వల్ల రేపు మాత్ర సైజు మారిస్తే ఏమవుతుందో చెప్పగలవా అంటే తను నవ్వింది, నేనూ నవ్వాను. ఆర్వీ రోడ్ వచ్చేలోపు చెప్పడం మొదలుపెట్టి మిగతాది తర్వాత వారం రోజులు ల్యాబ్‌లో చెప్పిందే ఇదంతా. గణితం డిగ్రీ మొదటి ఏడాదిని దాటదు, ఓపిక మాత్రం కావాలి.

ముందు మాత్రలో ఏం జరుగుతోందో చూడండి

గ్లాసు నీళ్లలో చెంచాడు సబ్జా గింజలు వేయండి. పావుగంటకు ప్రతి గింజ చుట్టూ పారదర్శకమైన జిగురు, మధ్యలో నల్లని చుక్క. నీళ్లలో జెల్ అయ్యే హెచ్‌పీఎంసీ అనే పాలిమర్ (పొడవాటి గొలుసుల పదార్థం) వేసి చేసిన, మందును నెమ్మదిగా వదిలే సస్టెయిన్డ్ రిలీజ్ మాత్ర కూడా దాదాపు ఇలాగే ఉంటుంది: బయట జెల్, లోపల పొడిగా తెల్లటి గుండె. తేడా ఏమిటంటే సబ్జా జిగురు గింజను అంటుకునే ఉంటుంది, మాత్ర జెల్ మాత్రం అంచున కొద్దికొద్దిగా ఊడిపోతూ ఉంటుంది.

పొడి హెచ్‌పీఎంసీ గాజులా గట్టిగా ఉండే దశలో ఉంటుంది. నీరు చేరితే రబ్బరులా మారుతుంది, వానాకాలంలో డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే అప్పడం మెత్తబడిపోయినట్టు. ఈ మార్పు జరిగే గీతను స్వెల్లింగ్ ఫ్రంట్ అంటారు. దాని బయట, ఇంకా కరగని మందు ఎక్కడితో అయిపోయిందో అక్కడ ఇంకో గీత, అది డిఫ్యూజన్ ఫ్రంట్. అన్నిటికన్నా బయట జెల్ నీళ్లకు తగిలి అరిగిపోయే చోటు ఎరోజన్ ఫ్రంట్. మూడు గీతలూ కదులుతుంటాయి, అదీ ఒకే వేగంతో కాదు. మోడల్ అంటే ఈ మూడు గీతల లెక్కే.

కళ్లతో చూడాలంటే మాత్రను రెండు పారదర్శక ప్లాస్టిక్ పలకల మధ్య బిగించి నీళ్లలో పెట్టండి. పైకీ కిందికీ ఉబ్బడానికి దారి ఉండదు, పక్కలకే ఉబ్బుతుంది. గంటకోసారి పైనుంచి ఫోటో తీస్తే తెల్లని గుండె తగ్గడం, జెల్ వలయం మందం పెరిగి మళ్లీ పలచబడడం కనిపిస్తాయి. ఆ ఫోటోలు తీసి స్కేలుతో కొలవకుండా ఎవరైనా మోడల్ కట్టామంటే నేనైతే పెద్దగా నమ్మను.

ఏ సమీకరణం ఎక్కడిదో తెలుసుకుని వాడండి

ఇక్కడే అందరూ జారేది. సాఫ్ట్‌వేర్‌లో డేటా వేస్తే అయిదారు మోడళ్లు ఒకేసారి ఫిట్ చేసి, దేనికి ఆర్ స్క్వేర్ (గీత డేటాకు ఎంత బాగా కుదిరిందో చెప్పే అంకె) ఎక్కువైతే అదే మెకానిజం అనేస్తారు.

హిగుచి సమీకరణం 1961 నాటిది. ఆయన లెక్క వేసింది ఆయింట్‌మెంట్ పొర నుంచి మందు బయటికి రావడం గురించి, మాత్ర గురించి కాదు. మందు కరిగే పరిమితి కంటే చాలా ఎక్కువగా ఉండాలి, పొర ఉబ్బకూడదు, కరిగిపోకూడదు అనేవి అందులోని షరతులు. మన మాత్ర ఉబ్బుతుంది, కరుగుతుంది, పైగా మెట్‌ఫార్మిన్ హైడ్రోక్లోరైడ్ లాంటి మందు నీళ్లలో ఇట్టే కరిగిపోతుంది. అన్ని షరతులూ తప్పాక కూడా వర్గమూలం గీత చక్కగా కుదురుతుంది చూడండి, అదే ప్రమాదం.

హిక్సన్-క్రోవెల్ ఘనమూల సూత్రం 1931 నాటిది. పటికబెల్లం ముక్క నోట్లో చప్పరిస్తే ఆకారం మారకుండా చిన్నదవుతూ పోతుంది కదా, ఆ లెక్క. జెల్ పొర ఊసే అందులో ఉండదు.

కార్స్‌మేయర్-పెప్పాస్ 1983లో వచ్చింది. విడుదలైన భాగం = కె × కాలం^ఎన్, అంతే. స్థూపం ఆకారపు మాత్రకు ఎన్ 0.45 అయితే పూర్తిగా డిఫ్యూజన్, 0.89 అయితే పాలిమర్ సడలే వేగమే అంతా నడిపిస్తోందని, మధ్యలో అయితే రెండూ కలిశాయని అర్థం చెబుతారు. పలక ఆకారానికైతే ఆ అంకెలు 0.5, 1.0. చాలామంది స్థూపానికి కూడా పలక అంకెలే వాడేస్తారు, మీరు వాడకండి.

చేత్తోనే చేసి చూద్దాం. లెక్క కోసం అనుకుందాం, మొదటి గంట అయ్యేసరికి 22 శాతం, 4 గంటలు అయ్యేసరికి 48 శాతం వచ్చింది. 48ని 22తో భాగిస్తే 2.18, దాని సహజ లాగరిథమ్ 0.78. నాలుగు లాగరిథమ్ 1.386. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే 0.563, అదే ఎన్. కె విలువ 0.22. ఇప్పుడు ఇదే సూత్రాన్ని 16 గంటలకు పెట్టండి: 105 శాతం! మాత్రలో లేని మందు ఎక్కణ్ణుంచి వచ్చింది? అందుకే ఈ సూత్రాన్ని మొదటి 60 శాతం విడుదల వరకే వాడాలంటారు. మన ఉదాహరణలో అది దాదాపు 6 గంటలు. ఆ తర్వాత పాయింట్లను ఫిట్‌లో కలిపితే ఎన్ దిగజారుతుంది, మెకానిజం మారిందని కంగారుపడతారు.

అంటే ఈ సూత్రాలు పనికిరావా? వస్తాయి. రెండు బ్యాచ్‌లు పోల్చడానికి, ఒక చూపులో అంచనాకు బాగానే ఉంటాయి. మాత్ర మందం మారితే, గ్రేడ్ మారితే ఏమవుతుందని అడిగితే మాత్రం వాటి దగ్గర జవాబు ఉండదు. అప్పుడు మన చేత్తో మోడల్ కట్టుకోవాల్సిందే.

మూడు కొలతలు, ఒకటి కాదు

మందు విడుదల కర్వ్ ఒక్కటే పెట్టుకుని అయిదు పారామీటర్లు ఫిట్ చేస్తే ఏమొస్తుందో బెంగళూరులో ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు. స్వల్ప అడ్జస్ట్ మాడి (కన్నడలో కాస్త సర్దుకోండి) అంటూ ఒకటి పెంచి ఇంకోటి తగ్గిస్తూ పోతే ఏ కర్వ్ అయినా కుదురుతుంది. అందుకే లోపలికి ఎంత నీరు వెళ్లింది, ఎంత పాలిమర్ ఊడిపోయింది, ఎంత మందు బయటికి వచ్చింది అనే మూడింటినీ విడివిడిగా కొలవాలి.

మందు విడుదల సంగతి మీకు తెలిసిందే: 900 మి.లీ., 37 డిగ్రీలు, ప్యాడిల్ (కలిపే తెడ్డు) లేదా బాస్కెట్ (మాత్ర పెట్టి తిప్పే జాలి బుట్ట), మెట్‌ఫార్మిన్ అయితే యూవీలో 233 నానోమీటర్ల దగ్గర రీడింగ్. 5 మి.లీ. తీసి 5 మి.లీ. కొత్త మీడియం పోస్తుంటే, అప్పటిదాకా తీసేసిన శాంపిళ్లలోని మందును కూడా కలపడం మరచిపోవద్దు. ఒక్కోసారి తేడా అర శాతమే అనిపిస్తుంది, పది శాంపిళ్ల తర్వాత అదే మోడల్‌ను పక్కదారి పట్టిస్తుంది. ఇంకో విషయం, జెల్ మాత్ర వెసెల్ (పరీక్ష పాత్ర) అడుగుకు అతుక్కుంటే ఒక వైపు నీరే తగలదు. సింకర్ (మాత్ర చుట్టూ ఉండే తీగ చుట్ట) వాడండి, ఏది వాడారో రాసిపెట్టుకోండి.

నీరు, పాలిమర్ కొలవడం మాత్రం మురికి పని. ప్రతి సమయానికీ మూడు మాత్రలు బలి. ఆరు సమయాలంటే 18 మాత్రలు. నాలుగు గంటలు నానిన మాత్రను చిమటాతో పట్టుకుంటే బెండకాయ జిగురులా జారిపోతుంది, సగం జెల్ చిమటాకే మిగులుతుంది. ముందే బరువు చూసిన చిన్న స్టీల్ జల్లెడ బుట్టలో మాత్రను పెట్టి బుట్టతో సహా దింపండి, బుట్టతో సహా తీయండి. టిష్యూ పేపర్‌ను బుట్ట అడుగున ఆనించి నీటిని పీల్చనివ్వండి, మాత్రను తుడవద్దు. తడి బరువు తీసుకుని, తర్వాత బరువు నిలకడ అయ్యేదాకా ఓవెన్‌లో ఆరబెట్టి పొడి బరువు తీసుకోండి.

ఇప్పుడు లెక్క. మళ్లీ అనుకుందాం, మాత్ర 800 మి.గ్రా., అందులో మందు 500, హెచ్‌పీఎంసీ, మిగతా పదార్థాలు కలిపి 300. నాలుగు గంటలకు తడి బరువు 1,900, పొడి బరువు 460. నీరు 1,440 మి.గ్రా., అంటే పొడి బరువుకు మూడు రెట్లు దాటి. మరి ఎరోజన్? 800 నుంచి 460 పోతే 340, అంటే 42.5 శాతం అని రాసేస్తారు. తప్పు. ఆ 340లో మందు ఎంత? 48 శాతం విడుదలైంది కాబట్టి 240 మి.గ్రా. మందే. పాలిమర్ పోయింది 100 మాత్రమే, అంటే 300లో మూడో వంతు. ఒకసారి నేను ఈ తేడా చూడకుండా రెండు వారాలు ఎరోజన్ స్థిరాంకంతో కుస్తీ పట్టాను. మోడల్‌లో మాత్ర ఎనిమిది గంటలకే మాయమైపోయేది, వెసెల్‌లో మాత్రం పన్నెండో గంటకు కూడా పుట్టగొడుగులా కూర్చుని ఉండేది.

ఇంకో చిన్న మోసం ఉంది. పీహెచ్ 6.8 ఫాస్ఫేట్ బఫర్‌లో చేస్తే, మాత్ర పీల్చిన నీటిలో ఉప్పు కూడా వస్తుంది, ఆరబెట్టాక అది లోపలే మిగిలిపోతుంది. 0.05 మోలార్ బఫర్‌లో లీటరుకు 6.8 గ్రాముల పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ ఉంటుంది కాబట్టి, 1,440 మి.గ్రా. నీటికి పది మి.గ్రా. చొప్పున పొడి బరువు ఎక్కువ చూపిస్తుంది. పాలిమర్ నష్టమే 100 అయినప్పుడు పది అంటే పదోవంతు. పైన 460 అన్నది ఈ ఉప్పు తీసేశాక.

కోడ్ కంటే ముందు కాగితం మీద ఒక లెక్క

12 మి.మీ. వ్యాసం, 6 మి.మీ. మందం ఉన్న మాత్ర అనుకోండి. సగం మందం 0.3 సెం.మీ. జెల్‌లో డిఫ్యూజన్ గుణకం (ఎంత వేగంగా పాకుతుందో చెప్పే అంకె) 5×10⁻⁶ చ.సెం.మీ./సెకను అనుకుంటే, ఈ సగం మందం వర్గాన్ని దానితో భాగిస్తే 18,000 సెకన్లు, అంటే 5 గంటలు. మీ డేటా కూడా గంటల్లోనే ఉందా? ఉంటే మీరు సరైన దారిలో ఉన్నారు. నిమిషాల్లోనో రోజుల్లోనో వస్తే ఎక్కడో యూనిట్ తప్పింది, మిల్లీమీటర్లూ సెంటీమీటర్లూ కలిసిపోయాయి. ఇది రెండు నిమిషాల పని, మానకండి.

పనిలో పనిగా ఉపరితలం కూడా చూడండి. ఈ మాత్రకు పైన, కింద కలిపి 2.26 చ.సెం.మీ., చుట్టూ ఉన్న అంచు కూడా సరిగ్గా 2.26. అంటే అంచును వదిలేసి పలక అనుకుంటే సగం తలుపులు మూసేసినట్టే. నేర్చుకోవడానికి పలకతో మొదలుపెట్టండి, నిజమైన అంచనాకు వలయాలు, మందం రెండూ ఉన్న స్థూపం మోడల్‌కు మారండి. పలకల మధ్య బిగించిన మాత్రకైతే ఒట్టి వలయాలు చాలు.

పొరలుగా కోయండి

మాత్ర సగం మందాన్ని 50 పొరలుగా అనుకోండి. చాలామంది పొరల స్థానాలను స్థిరంగా పెట్టి, ఉబ్బుతున్న అంచు వెంట పరిగెత్తలేక అవస్థ పడతారు. నేను చేసేది వేరు: పొరను పాలిమర్‌కు కట్టేస్తాను. అరిగే బయటి పొరలో తప్ప ఒక్కో పొరలో ఉన్న పాలిమర్ మి.గ్రా. మారదు, నీరు, మందు మాత్రమే పొర నుంచి పొరకు కదులుతాయి. ప్రతి అడుగు చివర పొరలోని నీరు, మందు, పాలిమర్‌ల ఘనపరిమాణాలు కలిపి వైశాల్యంతో భాగిస్తే పొర కొత్త మందం వచ్చేస్తుంది. ఉబ్బడానికి వేరే సమీకరణం రాయనవసరం లేదు, దానంతట అదే ఉబ్బుతుంది. మొదటిసారి గ్రాఫ్‌లో మాత్ర లావెక్కడం చూసినప్పుడు నాకైతే ఆవకాయ అన్నం తిన్నంత తృప్తి.

పొరల మధ్య నీరు ఎంత కదలాలి? ఫిక్ 1855లో చెప్పిందే: గుణకం × గాఢతల తేడా ÷ దూరం. చిక్కంతా గుణకం స్థిరంగా ఉండకపోవడంలోనే. పొడి పాలిమర్‌లో అది చాలా తక్కువ, నీరు చేరేకొద్దీ ఎగబాకుతుంది. దీనికి అందరూ వాడే రూపం ఇది: గుణకం = పూర్తిగా నానినప్పటి గుణకం × ఎక్స్‌పొనెన్షియల్ (−బీటా × (1 − ఇప్పటి నీటి గాఢత ÷ పూర్తిగా నానినప్పటి నీటి గాఢత)). నీరు చేరేకొద్దీ గుణకం ఎంత నిటారుగా ఎగబాకుతుందో చెప్పే అంకె బీటా. అది 5 అనుకుంటే పొడి గుండెలో గుణకం జెల్‌లో కన్నా దాదాపు 150 రెట్లు తక్కువ. స్వెల్లింగ్ ఫ్రంట్ పదునుగా కనబడడానికి కారణం ఇదే, మనం ఎక్కడా గీత గీయలేదు. నీటికొక బీటా, మందుకొక బీటా.

మందుకు ఇంకో షరతు చేర్చండి. పొరలో ఉన్న నీరు ఎంత మందును కరిగించగలదో అంతే కదలాలి, మిగతాది గడ్డలా అక్కడే ఉండాలి. కరగని మందులకు ఇది లేకపోతే మోడలే తప్పు. మెట్‌ఫార్మిన్‌కు కూడా మొదటి గంటలో, నీరు ఇంకా కొద్దిగానే చేరినప్పుడు, తేడా కనిపిస్తుంది.

బయటి అంచున నీరు పూర్తిగా నానిన గాఢత, మందు సున్నా. 900 మి.లీ.లో మందు సున్నా అనుకోవడం తేలికగా కరిగే మందులకు ఫర్వాలేదు.

ఇక ఎరోజన్. హెచ్‌పీఎంసీ గొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటాయి, చిక్కుపడిన దారపు ఉండలా. నీరు ఎక్కువై చిక్కు వదులయ్యాకే ఒక్కో గొలుసు జారిపోతుంది. గొలుసు పొడుగైతే చిక్కు వదలడం కష్టం, అందుకే హెచ్‌పీఎంసీలో కె100ఎం అనే గ్రేడ్ మాత్ర కె4ఎం గ్రేడ్ కన్నా నెమ్మదిగా అరుగుతుంది. గ్రేడ్ పేరులోనే స్నిగ్ధత ఉంటుంది, 2 శాతం ద్రావణానికి ఒకటి దాదాపు లక్ష, ఇంకొకటి దాదాపు 4,000 మిల్లీపాస్కల్ సెకన్లు. మోడల్‌లో సులువైన రూపం: ప్రతి సెకనూ ఉపరితల వైశాల్యానికి ఇంత పాలిమర్ పోతుంది, ఆ ఒక్క స్థిరాంకమే. ఇది మీ గ్రేడ్‌కూ, మీ ప్యాడిల్ వేగానికీ మాత్రమే చెందినదని గుర్తుంచుకోండి. 50 ఆర్‌పీఎంలో ఒకసారి, 100లో ఒకసారి నడిపి చూడండి. విడుదల బాగా మారితే ఎరోజన్ గట్టిగా పనిచేస్తోంది, పెద్దగా మారకపోతే డిఫ్యూజన్‌దే రాజ్యం. ఎన్ విలువ చెప్పేదాని కన్నా ఇది నాకు నమ్మకం.

బయటి పొరలో పాలిమర్ తగ్గుతూ పోయి పొర మరీ పలచబడితే లెక్క పేలిపోతుంది. సగానికి తగ్గగానే దాన్ని లోపలి పొరతో కలిపేయండి.

కాలం అడుగు ఎంత ఉండాలి? పొర మందం 0.006 సెం.మీ., గుణకం 5×10⁻⁶, మందం వర్గంలో సగాన్ని గుణకంతో భాగిస్తే 3.6 సెకన్లు. అంతకన్నా పెద్ద అడుగు వేస్తే అంకెలు పైకీ కిందికీ ఊగి, మాత్రలో నీరు మైనస్ అవుతుంది. 3 సెకన్లు పెట్టుకుంటే 12 గంటలకు 14,400 అడుగులు, ల్యాప్‌టాప్‌కు ఇదొక పనే కాదు. పైథాన్‌లో సైపై సాల్వర్లు వాడేవాళ్లు స్టిఫ్ సమస్యలకు (కొన్ని మార్పులు చాలా వేగంగా, కొన్ని చాలా నెమ్మదిగా జరిగేవి) ఉద్దేశించిన బీడీఎఫ్ పద్ధతి ఎంచుకోండి, అడుగు సంగతి అదే చూసుకుంటుంది.

ప్రతి అడుగులోనూ ఒక్క తనిఖీ తప్పనిసరి: మాత్రలో ఉన్న మందు + బయటికి వెళ్లిన మందు = 500 మి.గ్రా. నా మొదటి కోడ్ 112 శాతం విడుదల చూపించింది. పొర కలిపేటప్పుడు దాని మందును బయటికి వెళ్లిన ఖాతాలోనూ రాశాను, లోపలి పొరకూ ఇచ్చాను. చీటీపాటలో ఒకే డబ్బు ఇద్దరికి రాసినట్టు.

ఫిట్ చేసే వరుస

పారామీటర్లు అయిదు: నీటి గుణకం, నీటి బీటా, ఎరోజన్ స్థిరాంకం, మందు గుణకం, మందు బీటా. అయిదింటినీ ఒకేసారి ఆప్టిమైజర్‌కు అప్పజెప్పొద్దు. మొదట పాలిమర్, నీటి కర్వ్‌లతో మొదటి మూడు తేల్చండి, తాళం వేయండి. తర్వాత మందు కర్వ్‌తో మిగతా రెండు. చివరి రెండింటితోనే మందు కర్వ్ కుదరకపోతే తాళం తీయకండి, మోడల్‌లో ఏదో లేదు. నాకు ఎక్కువసార్లు లేకుండా పోయింది మొదటి పది నిమిషాల్లో ఉపరితలం మీది మందు ఒక్కసారిగా వచ్చేయడం.

ఫిట్ అయ్యాక ఒక్కో పారామీటర్‌ను 20 శాతం పెంచి, తగ్గించి నడపండి. ఏదైనా ఒకదాన్ని మార్చినా కర్వ్ కదలకపోతే ఆ విలువ మీ డేటా నుంచి రాలేదు, మీ మొదటి ఊహ అలాగే మిగిలింది. రిపోర్ట్‌లో దాన్ని కొలిచిన విలువలా రాయకండి.

ఆఖరి పరీక్ష

అదే బ్లెండ్ (కలిపిన పొడి), అదే 12 మి.మీ. పంచ్ (అచ్చు), సగం బరువు: 400 మి.గ్రా., 3 మి.మీ. మందం. ఒక్క పారామీటర్ కూడా ముట్టుకోకుండా స్థూపం మోడల్ నడపండి. పలక లెక్కన అయితే సమయం నాలుగో వంతుకు పడిపోవాలి, కానీ అంచు వైపు దూరం మారలేదు కాబట్టి అంతగా పడదు. ఎంత పడుతుందో చెప్పడమే మోడల్ పని. వెసెల్ డేటాతో పోల్చేటప్పుడు రెండు కర్వ్‌ల పోలికను కొలిచే ఎఫ్2 విలువ 50 దాటితే సరిపోయిందనుకోవచ్చు, అయినా అంకె చూసి ఆగకుండా రెండు కర్వ్‌లూ ఒకదానిపై ఒకటి గీసి, ఎక్కడ విడిపోతున్నాయో చూడండి. మొదట్లో విడిపోతే నీటి వైపు, చివర్లో విడిపోతే ఎరోజన్ వైపు వెతకాలి.

మా ల్యాబ్ అమ్మాయికి ఒక్కటే చెప్పాను: డిసొల్యూషన్ (మందు విడుదల పరీక్ష) మొదలుపెట్టే ముందే మోడల్ ఇచ్చిన కర్వ్ ప్రింట్ తీసి, తేదీ వేసి, నోట్‌బుక్‌లో అంటించి నాతో సంతకం పెట్టించుకో. డేటా వచ్చాక స్వల్ప అడ్జస్ట్ మాడబుద్ధేస్తుంది, నాకూ వేస్తుంది.